నిండు కడుపు సాక్షులు

మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఆ కొండ మీద తిండి బాగుండటం అధికారికంగా ఆగిపోయింది. అప్పటికి పిన్ని గిన్నెలో కూర సగానికి పైగా అయిపోయింది.

పిన్ని అంటే కొండదారిలో చివరి మలుపు దగ్గర భోజనశాల నడిపే ఆవిడ. ముందు బస్సు డ్రైవర్లు అలా పిలిచారు, తర్వాత ప్రయాణికులు అందుకున్నారు, ఇప్పుడు ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా పిన్నీ అనే అంటున్నారు. ఆవిడ వండుతుంది, భర్త వడ్డిస్తాడు. ఆ దారిలో బస్సు నిలపడానికి చదునైన నేల అక్కడొక్కచోటే ఉంది.

గొడవ ఐదు నక్షత్రాలతో మొదలైంది. కొండలకు వెళ్ళే యాత్రికులు ఎక్కడ తినాలో చెప్పడానికి భోజన సూచన మండలి అని ఒక కార్యాలయం ఉంది. దానికొక యాప్ ఉంది. ఆ యాప్‌లో కొండ మీద తిన్న ప్రతివాడూ ఐదుకు ఐదు ఇచ్చాడు. పిన్ని బీన్స్ కూరకు ఇచ్చారు. పై ఊళ్ళో నిన్నటి రొట్టెలమ్మే ఆయనకు ఇచ్చారు. ఏమీ దొరక్క ఇంటినుంచి తెచ్చుకున్న బిస్కెట్లు తిన్నవాళ్ళు ఆ బిస్కెట్లకూ ఇచ్చారు.

మండలికి అనుమానం వచ్చింది. విచారణ సంఘం వేసింది. సంఘం మైదానంలోనే కూర్చుని (కొండెక్కడానికి ప్రయాణ భత్యం మంజూరు కాలేదు) అసలు సంగతి తేల్చింది. గంటల తరబడి మలుపులు తిరిగి, దారిలో వాంతి చేసుకుని, చలికి వణుకుతూ దిగినవాడికి ఏం పెట్టినా బాగుంటుంది. ఆ ఘనత ఆకలిది. వంటవాళ్ళు దాన్ని తమ ఖాతాలో వేసుకుంటున్నారు.

అందుకని కోతలు వచ్చాయి. ఎత్తుకు ఒక నక్షత్రం తీశారు; దీన్ని గాలి కోత అన్నారు. ఆకలి కోత ఇంకొకటి. కిటికీలోంచి లోయ కనిపిస్తే అర, దృశ్య కోత. గదిలో కుంపటి ఉంటే మరో అర, వెచ్చదనం కోత. పిన్నికి రెండు మిగిలాయి. మూడు లేనిచోట యాత్రికుల బస్సు ఆగకూడదు.

బస్సు ఆగకపోతే పొయ్యి ఆర్పేసి, పిన్ని తమ్ముడి ఇంటికి దిగిపోవడం తప్ప ఆ దంపతులకు దారిలేదు. ఆ ఇంట్లో వంట మరదలు చేస్తుంది. పిన్ని దిగులంతా అక్కడే.

"కిటికీ మూసేద్దామండీ," అంది భర్తతో.

"లోయ చూడ్డానికే కదే వాళ్ళొచ్చేది?"

"బయట నిలబడి చూడమనండి. లోపల చూస్తే అర పోతోంది."

భర్త కిటికీకి చెక్క కొట్టాడు. కుంపటి పెరట్లో పెట్టాడు. నక్షత్రాలు మూడయ్యాయి. వారం తిరక్కుండా మండలి సవరణ జారీ చేసింది. కుంపటి లేని గదిలో చలి పెరుగుతుంది, చలికి ఆకలి పెరుగుతుంది, కాబట్టి కుంపటి తీసేసినచోట ఆకలి కోత ఒకటిన్నర. నక్షత్రాలు రెండున్నరకు దిగాయి.

(కుంపటి మళ్ళీ లోపల పెడితే ఏమవుతుందని భర్త ఫోన్ చేసి అడిగాడు. వెచ్చదనం కోత పడుతుందన్నారు.)

ఇక మిగిలింది పునఃపరీక్ష. ఆకలి లేనివాళ్ళ చేత తినిపించి, వాళ్ళు బాగుందంటే కోతలన్నీ ఎత్తేస్తారు. ఆకలి లేనివాళ్ళను మండలే పంపుతుంది. వాళ్ళను నిండు కడుపు సాక్షులంటారు.

మంగళవారం పొద్దున జీపులో రుచి పరిశీలకుడు ముగ్గురు సాక్షులను తీసుకుని వచ్చాడు. ఒకాయన రిటైరైన టైపిస్టు, ఒకాయన క్షౌరశాల యజమాని, మూడో ఆయనది కళ్ళద్దాల కొట్టు. తెల్లవారకముందే బయలుదేరారు.

"మీలో ఎవరికైనా ఆకలిగా ఉందా?" అని పరిశీలకుడు నిబంధన ప్రకారం అడిగాడు.

"ఎలుకలు పరిగెడుతున్నాయండీ కడుపులో," అన్నాడు కళ్ళద్దాల కొట్టాయన.

పరిశీలకుడు నిబంధనల పుస్తకం తిప్పాడు. సాక్షికి ఆకలి ఉన్నట్లయితే పరీక్షకు గంట ముందు తృప్తిగా భోజనం పెట్టించవలెను.

"ఇక్కడ దగ్గర్లో ఇంకో హోటల్ ఏదైనా ఉందా?"

"ఎదురుగా లోయ ఉంది సార్," అన్నాడు భర్త.

పిన్నే వడ్డించింది. ముగ్గురూ ఆవురావురుమంటూ తిన్నారు. టైపిస్టు రొట్టెతో కంచం తుడిచి, ఆ రొట్టె తిని, మళ్ళీ కంచం చాపాడు.

"పిన్నీ, మా ఇంటావిడకి చెప్పకుగానీ," అన్నాడు క్షౌరశాలాయన, "పెళ్ళయినప్పట్నుంచీ ఇలాంటి కూర తినలేదు."

పరిశీలకుడు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. డ్యూటీలో ఉండగా తినకూడదు.

"సార్, చూస్తున్నారుగా, ఎలా తింటున్నారో. రాసుకోండి," అంది పిన్ని.

"ఇది పరీక్ష కాదమ్మా. పరీక్షకు సన్నాహం."

"కూర ఇదే కదండీ?"

"కూర ఇదే. కడుపు వేరు."

గంటసేపు సాక్షులు మూసిన కిటికీ కింద బల్ల మీద కూర్చున్నారు. టైపిస్టు గురక పెట్టాడు. గంట కాగానే పరిశీలకుడు ఆకలి ఉందా అని మళ్ళీ అడిగాడు. ముగ్గురూ లేదన్నారు. పరీక్ష మొదలైంది.

అదే గిన్నెలోంచి అదే కూర వడ్డించారు. టైపిస్టు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, మింగలేక, బయటికి వెళ్ళొచ్చాడు. క్షౌరశాలాయన వాసనకే మొహం తిప్పుకున్నాడు. ఇద్దరూ సున్నా వేశారు.

"పిన్నీ, ఏమనుకోకు," అన్నాడు కళ్ళద్దాల కొట్టాయన. "చూస్తేనే కడుపులో తిప్పేస్తోంది." పిన్ని మొహం చూసి అర నక్షత్రం వేశాడు. పరిశీలకుడు ఆ అర మొహమాటం కోత కింద తీసేశాడు.

ఒంటిగంటకు ఫలితం యాప్‌లోకి ఎక్కింది. పై ఊళ్ళో రొట్టెలాయన తన రొట్టెలు బాగుండవని పరీక్షకు ముందే ఒప్పుకుని సంతకం పెట్టేశాడు కనుక, కొండ మీద నక్షత్రాలున్న చోటు ఇక లేదు.

"అప్పీలు ఉంటుందా సార్?" అని అడిగాడు భర్త.

"ఉంటుంది. కింద మా ఆఫీసులో. కూర వండి తీసుకురావాలి."

"అంత దూరం తెచ్చేసరికి చల్లారిపోదూ?"

"చల్లారిన కూరను బాగుందని ఎలా అంటారమ్మా?" అన్నాడు పరిశీలకుడు, పిన్ని వైపు తిరిగి.

రెండు గంటల బస్సు మలుపు దగ్గర వేగం తగ్గించింది. డ్రైవరు పిన్నిని చూసి హారన్ కొట్టాడు. ఆగలేదు.

పిన్ని పొయ్యి ఆర్పింది. భర్త సుత్తి తెచ్చి కిటికీ చెక్కకు మేకులు పీకడం మొదలుపెట్టాడు. సాక్షులు జీపెక్కారు. పరిశీలకుడు జీపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, వంటగది గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మా, కొంచెం కూర డబ్బాలో పెట్టిస్తారా?"

"ఎవరికండీ?"

"నాకే. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. నా డ్యూటీ అయిపోయింది."

"దారిలో మంచి చోటు చూసుకోండి సార్. మీ యాప్ ఉందిగా."

పరిశీలకుడు ఫోన్ తీసి చూశాడు. పిన్ని చెయ్యి చాపితే ఇచ్చాడు. దగ్గరలో మంచి భోజనం అన్న చోట, మీరు బయలుదేరిన ఊరు అని ఉంది.

పిన్ని ఫోన్ తిరిగి ఇచ్చేసి, డబ్బా కడిగి, కూర పెట్టింది. మూత వేయబోతుంటే పరిశీలకుడు ఇంకో గరిటె వేయమన్నాడు.