కట్టు లేని వైద్యమే వైద్యం!

ఒంటి మీద ఆనవాలు మిగల్చని వైద్యాన్ని మించిన వరం లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను. రోగికి కాదు లెండి, మనకి!

ఒకప్పుడు తలలో తేడా వస్తే గుండు గీసి, పుర్రె తెరిచి, తలపాగా అంత కట్టుతో ఇంటికి పంపేవాళ్లు. చూసినవాళ్లు ఊరుకోగలరా? అయ్యో అనాలి. పూలు కొనాలి. చేపల సూప్ కాచి గిన్నెతో పట్టుకెళ్లాలి. ఎంత శ్రమ! ఇప్పుడు తొడలోంచి సన్నటి తీగ పంపి, తలలోని రక్తనాళాన్ని బాగుచేసేస్తున్నారు. వెళ్లినవాడు వెళ్లినట్టే తిరిగొస్తాడు. ఇక జాలిపడే ఖర్చు మనకెందుకు?

మా బెర్గెన్ ఊళ్లో, మా మెట్ల పక్క వాటాలో ఉండే ఓడ్వార్‌నే చూడండి. పాపం, అతని తలలో రక్తనాళం ఒకచోట బుడగలా ఉబ్బింది. పగిలితే ప్రాణానికే ముప్పు. డాక్టర్లు ఆ బుడగలోకి సన్నటి తీగచుట్టలు కూరి, "కొన్నాళ్లు బరువులెత్తకు" అని చెప్పి పంపారు.

అతను ఇంటికి వచ్చీ రాగానే మా దుగ్నాడ్ వచ్చిపడింది. వసంతంలో ఇంటికొకరు దిగొచ్చి, అందరూ కలిసి వాకిలి బాగుచేసే రోజు. ఎగ్గొట్టినవాణ్ణి మావాళ్లు ఏడాదంతా గుర్తుపెట్టుకుంటారు. ఆ పరువు కోసమే ఓడ్వార్ చీపురైనా దొరక్కపోతుందా అని దిగాడు. మా వాటాల సంఘం అధ్యక్షురాలు గున్వర్ తడిమట్టి నిండిన తోపుడుబండి తెచ్చి అతని ముందు పెట్టింది.

"బరువులు వద్దన్నారు గున్వర్. తలలో ఆపరేషన్ అయింది."

గున్వర్ అతని చుట్టూ ఓ ప్రదక్షిణ చేసింది. "ఏదీ? జుట్టు నాకంటే ఒత్తుగా ఉందే!"

"కోసింది తల మీద కాదు, తొడ మీద."

"తలకి జబ్బు చేస్తే తొడ కోశారా! ఏ డాక్టరయ్యా ఆ మహానుభావుడు?"

వాకిలంతా పగలబడి నవ్వింది.

"పోనీ, చూపించు!" అన్నాడు స్టెయినార్. మడమ బెణికి కాలికి కట్టుతో ఉన్న ఆయన, ఎండలో కుర్చీ వేయించుకుని హాయిగా వాఫిల్ తింటున్నాడు.

నడివాకిట్లో ప్యాంటు విప్పే ధైర్యం ఓడ్వార్‌కి లేదు. బండి పట్టుకున్నాడు. నాలుగడుగులు వేశాడో లేదో, కళ్లు తిరిగి గోడ పట్టుకున్నాడు.

"నాటకాల్లో చేరవయ్యా, పైకొస్తావు!" అన్నారెవరో.

చూశారా! తలకి కట్టు ఉండుంటే ఇంత వినోదం మాకెక్కడిది?

బాల్కనీలోంచి అంతా చూస్తున్న అతని భార్య రాగ్నీ చరచరా దిగొచ్చింది. మొగుణ్ణి పైకి తీసుకెళ్లింది.

కాసేపటికి ఓడ్వార్ కుంటుకుంటూ దిగాడు. పాదం నుంచి మోకాలి దాకా తెల్లటి కట్టు! పుట్టి బుద్ధెరిగాక చీమైనా కుట్టని కాలది.

పారలు ఆగిపోయాయి. ఒకరు కుర్చీ తెచ్చారు, ఒకరు కాఫీ. స్టెయినార్ తన జామ్ సీసా అతని వైపు జరిపాడు. విప్పి చూపించమని ఎవరూ అడగలేదు. ఏ డాక్టరనీ అడగలేదు.

గున్వర్ స్వయంగా దిండు తెచ్చి ఆ కాలి కింద పెట్టింది. నొచ్చుకుంటూ అంది:

"ఇంత బాధ పెట్టుకుని బండి తోశావా ఓడ్వార్? ముందే ఒక్క మాట చెప్పకూడదటయ్యా!"