టెర్బియానికి తగిన ప్రాతినిధ్యం

"సిలికాన్‌లోంచి వెలుగు పిండి ఇంటింటికీ పంచుతాం" అని మా మంత్రిగారు సభలో ప్రకటించారు. అప్పటికి సిలికాన్ అంటే ఏమిటో ఆయనకు తెలియదు. తెలియని విషయం మీద అంత ధాటిగా మాట్లాడటం అందరివల్లా కాదు. ప్రచార అధికారిగా ఆ ధాటిని దగ్గరుండి చూసే అదృష్టం నాది.

మర్నాడు ప్రయోగశాలకు వెళ్లాం. దాన్ని మూసేయాలని అప్పటికే నిర్ణయమైంది. మంత్రిగారి వెలుగు పథకం ప్రారంభోత్సవంలో అక్కడి సిలికాన్ ఫిల్మ్ వెలిగితే ల్యాబ్ ఉంటుంది, లేకపోతే తాళమే. శాస్త్రవేత్తగారు గోరంత ముక్కకు కరెంటు తగిలించారు. దానిమీది పల్చటి పూత ఆకుపచ్చగా వెలిగింది. ఏళ్ల తరబడి ఆవిడ చేసిన చాకిరీ అది.

"వెలుగిచ్చేది ఏదమ్మా?"

"టెర్బియం అనే లోహపు అయాన్లండి. సిలికాన్ పూతలో అక్కడక్కడా వేశాం. వెయ్యి పరమాణువులకి ఒకటి."

మంత్రిగారు నొచ్చుకున్నారు. "పనిచేసేవాళ్లకి వెయ్యిలో ఒక్క సీటా? పది రెట్లు వేయండి."

"ఎక్కువైతే గుంపులు కడతాయండి. ఒకటి తన శక్తిని పక్కదానికి తోసేస్తుంది, అది ఇంకోదానికి. చివరికి అంతా వేడైపోతుంది, వెలుగు రాదు. విడివిడిగా ఉంటేనే పనిచేస్తాయి."

"విడివిడిగానా! ఐకమత్యం ఐకమత్యం అని నేను గొంతు చించుకునేది ఇందుకా? కొలిమిలో ఇంకాసేపు ఉంచండమ్మా, బాగా కలిసిపోతాయి."

"సార్, ఈ ల్యాబ్ పోతే నాకు ఇంకేం లేదండీ."

"అందుకేగా నేనింత శ్రద్ధ తీసుకుంటున్నది!"

ఆవిడ పది రెట్లూ వేశారు. పది రెట్ల టెర్బియానికి పది రెట్ల పర్యవేక్షణ కావాలి కదా. మంత్రిగారి బావమరిదిగారు డైరెక్టరయ్యారు. తోడల్లుడుగారు జాయింట్ డైరెక్టర్. వియ్యంకుడుగారికి వెలుగు చూస్తే కళ్లు మండుతాయి, ఆయన్ని నాణ్యత విభాగంలో వేశారు.

ప్రారంభోత్సవం నాడు మంత్రిగారు మీట నొక్కారు. ఏమీ వెలగలేదు. మళ్లీ నొక్కారు. ఫొటోగ్రాఫర్లు కెమెరాలు దించేశారు. శాస్త్రవేత్తగారు కళ్లు మూసుకున్నారు.

మంత్రిగారు మాత్రం చలించలేదు. ఫిల్మ్ మీద వేలు పెట్టి చూశారు.

"వెచ్చగా ఉంది!"

బావమరిదిగారు ముట్టుకుని "వెచ్చగా ఉంది" అన్నారు. తోడల్లుడుగారు "అబ్బో, చురుక్కుమంటోంది" అన్నారు. వియ్యంకుడుగారు ముట్టుకోకుండానే వేలు ఊదుకున్నారు.

"వెలుగు గత ప్రభుత్వం మాట. మేం ప్రజలకిచ్చేది వెచ్చదనం" అన్నారు మంత్రిగారు. చప్పట్లు మోగిపోయాయి. ప్రయోగశాల మూసివేత అక్కడికక్కడే రద్దయింది.

శాస్త్రవేత్తగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. "చాలా సంతోషమండీ. రేపే మళ్లీ వెయ్యికి ఒకటి చొప్పున వేసి మొదలుపెడతాను. తప్పకుండా వెలుగుతుంది."

"రేపా? ఎక్కడ కూర్చుంటారు?" అని బావమరిదిగారు అడిగారు.

నిజమే, కుర్చీలన్నీ నిండిపోయాయి. మంత్రిగారు ఎంతో ఆప్యాయంగా ఆవిడను గుమ్మం దాకా సాగనంపారు.

నేను రాసిచ్చిన ప్రకటన మర్నాడు అన్ని పత్రికల్లోనూ మొదటి పేజీలో వచ్చింది: "ఇక శాస్త్రవేత్త అవసరమే లేనంతగా ప్రయోగశాల అభివృద్ధి చెందింది."