డాక్టరుగారి చెవికి క్లిప్పు

ఆ బుధవారం ఉదయం డాక్టర్ బర్గ్‌స్ట్రామ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి సాసేజీల ఫ్యాక్టరీ యజమానురాలు యూనిస్ వాండర్‌కోక్ గారు మిల్వాకీలోని ఆయన ప్రయోగశాలకు వస్తారు. డెస్మండ్ అనే పరిశోధక విద్యార్థి పడక కుర్చీలో వాలతాడు. అతని చెవికి క్లిప్పు తగిలించి సన్నటి కరెంటు పంపుతారు. ఆ కబురు చెవిలోని నరం గుండా వెళ్లి గుండెను కాస్త నెమ్మదించమంటుంది. గోడమీది తెరపై అంకె దిగుతుంది. ఆవిడ మురిసిపోయి మూడేళ్లకు నిధులిస్తారు. ఇవ్వకపోతే జూన్‌లో ప్రయోగశాలకు తాళం.

ఆ క్లిప్పు తయారుచేసిందీ, పదకొండేళ్లుగా పరికరాలన్నీ నడుపుతున్నదీ లోర్నా జబ్లాన్‌స్కీ. తయారైన పరిశోధనా పత్రం మీద తన పేరు మొదట వేసుకోవడం డాక్టరుగారి పని. ఆ పనిలో ఆయన ఏనాడూ పొరపాటు చేయలేదు.

తొమ్మిదింటికి ఆయన చల్లగా ఒక మాట చెప్పాడు. గుండె వేగం నిమిషానికి ఇరవై తగ్గుతుందని ఆవిడకు ఉత్తరం రాశాడట.

"ఇరవయ్యా!" అంది లోర్నా. "డెస్మండ్‌కి ఐదు తగ్గితే గొప్ప. పద్నాలుగు మందిలో ఐదుగురికి అసలు తగ్గనేలేదు, మర్చిపోయారా?"

"ఐదని రాస్తే ఎవరిస్తారు లోర్నా? దిగాలంటే ముందు ఎక్కాలి. వాడికి కాఫీ పట్టించు."

"ఆ పని నేను చెయ్యను."

డాక్టరుగారే చేశాడు. పరగడుపున మూడు పెద్ద కప్పులు పట్టించాడు. తొమ్మిదిన్నరకు డెస్మండ్ గుండె నూట పన్నెండుకు చేరింది. డాక్టరుగారు చేతులు రుద్దుకున్నాడు. పది నిమిషాలకు డెస్మండ్ పొట్ట పట్టుకుని మరుగుదొడ్లోకి పరిగెత్తి గడియ పెట్టుకున్నాడు.

"ఇంకెంతసేపయ్యా?" అని తలుపు బాదాడు డాక్టరుగారు.

"నన్నొదిలెయ్యండి సార్!" అని లోపలినుంచి మూలుగు వినిపించింది.

వసారాలో మెకానిక్ వర్జిల్ లిఫ్టు విప్పి బాగుచేస్తున్నాడు. డాక్టరుగారు అతని చేతిలో స్పానర్ అక్కడే పడేయించి, తీసుకొచ్చి కుర్చీలో కూలదోశాడు. తెరమీద నలభై ఆరు వచ్చింది.

"చలికాలమంతా మంచులో స్కీయింగ్ చేస్తాను సార్. గుండె నెమ్మదిగా కొట్టుకుంటుందని మా డాక్టర్ కూడా మెచ్చుకున్నాడు," అన్నాడు వర్జిల్ సిగ్గుపడుతూ.

నలభై ఆరులోంచి ఇరవై తీసేస్తే మనిషి మిగులుతాడా అన్న అనుమానం డాక్టరుగారికి సైతం వచ్చింది. "కిందిదాకా దిగి మళ్లీ పైకెక్కు. పరిగెత్తు!" అన్నాడు.

వర్జిల్ పరిగెత్తాడు. లిఫ్టు సంగతి ఎవరికీ గుర్తులేదు. డెబ్బై తొమ్మిదేళ్ల వాండర్‌కోక్ గారు, విశ్వవిద్యాలయం డీన్ పికార్డ్ గారు నాలుగు అంతస్తులూ మెట్లెక్కి వచ్చారు. దారిలో వర్జిల్ ఎదురై, ఎందుకా పరుగని ఆవిడ అడిగితే, కల్లాకపటం తెలియని మనిషి కనుక ఉన్నది చెప్పేశాడు.

ఆవిడ గుమ్మం పట్టుకుని ఊపిరి తీసుకుని, "గుండె ఎక్కట్లేదని ఆ అబ్బాయిని పరిగెత్తిస్తున్నారటగా?" అంది.

"అబ్బే, అదేదో... వేరే ప్రయోగమండీ," అన్నాడు డాక్టరుగారు.

"సరే. వాళ్లూ వీళ్లూ ఎందుకు నాయనా? నువ్వే కూర్చో."

డీన్ మొహం చూస్తే కూర్చోక తప్పేలా లేదు. డాక్టరుగారు ఛాతీకీ వేళ్ల కొసలకూ తీగలు తగిలించుకుని, క్లిప్పు తనే చెవికి పెట్టుకున్నాడు. పెట్టాల్సింది చెవి రంధ్రం ముందుండే చిన్న మిట్టకి. ఆయన తమ్మెకు పెట్టాడు. ఉత్తుత్తి ప్రయోగం చేయాలనుకున్నప్పుడు పెట్టే చోటది. అక్కడ ఎంత కరెంటు పంపినా గుండెకు కబురందదు.

"డాక్టరుగారూ, క్లిప్పు..." అంది లోర్నా.

"నువ్వు మీటల సంగతి చూడు లోర్నా."

లోర్నా మీటల సంగతే చూసింది. తెరమీద ఎనభై రెండు.

"ఇప్పుడు ఎంతో ప్రశాంతంగా ఉందండీ," అన్నాడాయన. తొంభై ఒకటి.

వాండర్‌కోక్ గారు కళ్లజోడు సవరించుకుని తెరకు ఎదురుగా కుర్చీ లాక్కుంది. "ఇరవై తగ్గుతుందన్నావు. అందరికీనా?"

"దాదాపు అందరికీనండీ." నూట నాలుగు.

"ఈ క్లిప్పు నీ ఆలోచనేనా?"

"ఆ... పూర్తిగా నాదేనండీ." నూట పదిహేడు.

డీన్ దగ్గాడు. లేచిపోదామంటే డాక్టరుగారి ఒంటినిండా తీగలు. నుదుటి చెమట తుడుచుకుందామంటే చేతులకూ తీగలే. పదకొండేళ్లలో ఆ మనిషి ప్రయోగంలో ఇంత లీనం కావడం లోర్నా ఇదే చూడడం.

"అమ్మాయ్, నువ్వు చెప్పు," అంది ఆవిడ లోర్నా వైపు తిరిగి. "తగ్గేదెంత?"

ఉద్యోగం పోతే పోయింది, అనుకుంది లోర్నా. జూన్‌లో ఎలాగూ పోయేదేగా. "తొమ్మిదిమందికి నాలుగైదు తగ్గిందండీ. నలుగురికి ఏమీ కాలేదు, ఒకాయనకి పెరిగింది. క్లిప్పు నేను చేశాను. ఇప్పుడది పెట్టాల్సిన చోట లేదు కూడా."

అందరూ డాక్టరుగారి వంక చూశారు. ఆయన కళ్లు మూసుకున్నాడు. "ఇరవై అని నేనే పెంచి రాశాను," అన్నాడు, మెట్లెక్కి వచ్చినవాడిలా. "నాలుగైదే. లోర్నా చెప్పిందే నిజం."

అంకె దిగడం మొదలుపెట్టింది. నూట రెండు, తొంభై, ఎనభై. ఐదు నిమిషాలకు డెబ్బై ఒకటి దగ్గర నిలిచింది. అప్పుడే మరుగుదొడ్డి గడియ తీసిన చప్పుడు వినిపించింది.

వాండర్‌కోక్ గారు లేచింది. "యాభై ఏళ్లుగా మాంసం తూకం వేయిస్తున్నాను. తక్కువ తూగితే తక్కువని చెప్పేవాళ్లనే పెట్టుకుంటాను. నాలుగైదుకే ఇస్తాను మూడేళ్లకూ. కాకపోతే అంకెలు ఈ అమ్మాయే రాయాలి, ఇంకెవరూ ముట్టుకోకూడదు. డీన్ గారూ, ఒప్పుకుంటారా?"

డీన్ అంతకుముందెప్పుడూ దేనికీ అంత వేగంగా ఒప్పుకోలేదు. ఆవిడ దిగేలోపు లిఫ్టు పనిచేయాలని వర్జిల్‌ను పరిగెత్తించాడు. ఎంతైనా పరుగు అలవాటైన మనిషి. లోర్నా డాక్టరుగారి చెవినుంచి క్లిప్పు తీసి డబ్బాలో పెట్టుకుంది. తాళం పడదు. అంకెలు తనవి.

మరుసటి వారం విశ్వవిద్యాలయం పత్రిక వచ్చింది. మొదటి పేజీలోనే వార్త: డాక్టర్ బర్గ్‌స్ట్రామ్ గొప్ప సాహసంతో ప్రయోగాన్ని స్వయంగా తనమీదే చేసుకోగా, గుండె వేగం ఏకంగా నలభై ఆరు తగ్గిందట. నూట పదిహేడులోంచి డెబ్బై ఒకటి తీసేస్తే వచ్చేది అంతే కనుక, లెక్కలో తప్పేమీ లేదు. పక్కనే పడక కుర్చీలో చిరునవ్వుతో ఆయన ఫొటో.

ఫొటో అంచున లోర్నా మోచెయ్యి చాలా స్పష్టంగా పడింది.