డైరెక్టర్లకు పంచిన కంప్యూటర్ భాష

ఎమ్మిగనూరులోని ఒకానొక చేనేత సంఘం తన కంప్యూటర్ భాషను డైరెక్టర్లకు పంచి ఇచ్చిందని ఇందుమూలంగా ప్రజలకు తెలియజేయడమైనది.

సంఘానికి ప్రోగ్రాం రాసింది ఆదోని అమ్మాయి హుస్నా. ఎవరు ఎన్ని మీటర్ల చీర నేయాలో చీటీ కొట్టి ఇచ్చే ప్రోగ్రాం అది. రాసిన అమ్మాయి ఊరుకోక ఒక నిజం చెప్పింది. ఈ భాషలో కొన్ని సౌకర్యాలు ఐచ్ఛికం. ఫైలు పైన ఒక లైను రాస్తే ఆన్, తీసేస్తే ఆఫ్.

"అంటే మన ఇష్టమే కదమ్మా!" అన్నాడు అధ్యక్షుడు జయన్న.

సంఘంలో ఇష్టం కూడా ఎవరో ఒకరి పేరు మీద ఉండాలి. అందుచేత, అంకె హద్దు దాటితే ఆపే సౌకర్యాన్ని డైరెక్టర్ రంగన్నకు, తేడా వస్తే ఎర్రక్షరాలతో హెచ్చరించే సౌకర్యాన్ని డైరెక్టర్ లక్ష్మప్పకు తీర్మానపూర్వకంగా కేటాయించి దండలు వేశారు.

ప్రారంభోత్సవం నాడే తెర మీద ఎర్రక్షరాలు కనబడ్డాయి. శుభకార్యంలో ఇదేమి అపశకునమని లక్ష్మప్ప తన సౌకర్యాన్ని తానే ఆపించాడు. ఆ త్యాగానికి చప్పట్లు మోగాయి. ఆ సందడిలో మైకులో రంగన్న పేరు పిలవడం మరిచారు.

"నన్ను పిలవని సంఘంలో నా సౌకర్యానికేం పని? ఆపెయ్ పాపా!" అని రంగన్న మెట్లు దిగిపోయాడు. ఆ లైనూ పోయింది.

మర్నాడు గుమాస్తా ఆరు పక్కన రెండు సున్నాలు ఎక్కువ నొక్కాడు. మగ్గం నేసే ఉరుకుందమ్మ చేతికి ఆరువందల మీటర్ల చీర చీటీ వచ్చింది. చీటీ ప్రకారం నేయకుంటే సంఘం కార్డు రద్దు. కార్డు లేకుంటే నూలు రాదు. నూలు లేకుంటే ఆమె ఇంట్లో పొయ్యి వెలగదు.

"ఏమప్పా జయన్నా, ఈ చీర మనిషికా, ఆదోని కొండకా?"

"కంప్యూటర్ సెప్పినాది కదక్కా. తప్పయితే ఎర్రక్షరాలు వస్తాయి. వచ్చినాయా?"

"మీరే ఆపమంటిరి కద సార్," అంది హుస్నా.

"అంటే రాలేదు కదా!"

ఒక్క లైను రాస్తే చాలని హుస్నా మనవి చేసింది. సంతకం కావాలన్నారు. పిలవని ఆ మైకులోనే తన పేరు పిలిస్తే తప్ప సంతకం పెట్టనన్నాడు రంగన్న. మైకేమో పెళ్లిళ్ల కోసం హాలహర్వి పోయింది.

మైకు తిరిగొచ్చేసరికి చీర నలభై మీటర్లయింది. రంగన్న పేరు మూడుసార్లు పిలిచారు. ఆయన కళ్లు చెమర్చాయి. సంతకం పడింది, సౌకర్యం ఆన్ అయింది. అయిన మరుక్షణమే హద్దు మీరిన చీర ఒకటి ఉందని పట్టుకుని, నేసినామె కార్డును రద్దు చేసింది.

"మన రంగన్న సౌకర్యం తొలిరోజే తప్పును పట్టేసినాది!" అని జయన్న ఉపన్యసించాడు.

"చీటీ రాసింది మీరు కదప్పా? నా కార్డు యాడికి పోయినాది?" అంది ఉరుకుందమ్మ. ఆమె ప్రశ్నను మినిట్స్‌లో నమోదు చేశారు.

తర్వాత డైరెక్టర్లు ఆ చీరను రోడ్డు పొడవునా పట్టుకుని ఫొటో దిగారు. అది మీ ఫోనుకూ వచ్చింది. మీరు దండం బొమ్మ పెట్టి ఇంకో నాలుగు గ్రూపులకు పంపారు. నేసినామె ఏమైందని అడిగింది ఒక్క హుస్నానే. ఆమెను గ్రూపులోంచి తీసేసినప్పుడు కూడా మీరు దండమే పెట్టారు.