అంగీ అంచు తిరగేసి చూసేవాళ్లకు నా దండం

మన పోలండ్‌లో దేవుడి తర్వాత అంతటివాడు ఎవడయ్యా అంటే, శిబిరం గేటు దగ్గర నిలబడి మన అంగీ అంచు తిరగేసి కుట్లు చూసే తనిఖీదారు! నవ్వకండి. సీరియస్‌గానే చెబుతున్నాను.

ఏటా వేసవిలో ఆరువందల ఏళ్లనాటి యుద్ధాన్ని నాటకంలా మళ్లీ ఆడుతుంటాం కదా. అప్పటి బట్టలు, అప్పటి కుట్టు. మిషన్ కుట్టు కనబడిందా, తాడు అవతల ప్రేక్షకుల్లో నిలబడాలి. ఈ మహానుభావులే లేకపోతే జిప్పులు పెట్టుకున్న వీరులు దేశాన్ని గెలిపించేవారు!

ఈ ఏడు మా దళం జెండా మోసే వంతు నాది. ఎన్నేళ్లు ఎదురుచూశాననుకున్నారు? బస్సులు బాగుచేసుకునే ఈ చేతులతోనే చలికాలమంతా ఉన్ని అంగీ కుట్టాను. నారదారానికి మైనం రాసి, గింజ పక్కన గింజ పేర్చినట్టు. అంగీకి ఎడమ చెయ్యి ఒక్కటీ కుట్టడం మిగిలిందనగా జ్వరం తగులుకుంది. మా ఆవిడ బోగ్నా జాలిపడి, వాళ్ల అమ్మమ్మ నాటి కుంటి మిషన్ మీద దాన్ని లాగించేసింది. కుట్టు తాగినవాడి నడకలా వచ్చింది.

"ఎవడు చూడొచ్చాడులే, జెనెక్!" అంది.

చూసేవాడున్నాడు! లుదోమీర్ అని, తనిఖీదారు. గేటు దగ్గర నా అంగీ కుడి చెయ్యి తిరగేసి మొహం చిట్లించాడు.

"ఏంటండీ ఇది? ఇంత సమంగా మనిషన్నవాడు కుడతాడా? మిషన్ కుట్టు! నడవండి తాడు అవతలికి."

"అయ్యా, అది నా చేత్తో..."

"ఊరుకోండి. ఇదిగో, ఈ ఎడమ చెయ్యి చూడండి. వంకరటింకరగా ఉన్నా ప్రాణముంది! చేతికుట్టంటే ఇదీ!"

నా పక్కనే పులిసిన క్యాబేజీ కూర తింటున్న బోగ్నాకు పొలమారింది. "ఈయనకి నేను నేర్పిస్తాలెండి," అంది.

ఎంత మేలు చేశాడండీ! లోపలికెళితే ఎండలో ఆ జెండా బరువు మోయాలా, బురదలో పడాలా? హాయిగా నీడలో నిలబడి, నా జెండాను ఇంకెవడో మోస్తుంటే చప్పట్లు కొట్టాను. చేతులు నొప్పి పుట్టేలా కొట్టాను!

సాయంత్రం లుదోమీర్ గారే తాడు అవతలున్న మా గుడారం వెతుక్కుంటూ వచ్చారు. యుద్ధంలో ఆయన అంగీ భుజం దగ్గర చిరిగిందట.

"రేపు పొద్దున పెద్ద తనిఖీ. మమ్మల్నీ వదలరు. మీ ఎడమ చెయ్యి కుట్టారు చూడండి, అచ్చం అలాగే కుట్టిపెట్టాలి."

బోగ్నా నావైపు చూసింది.

"ఇలా ఇవ్వండి," అన్నాను. పగ పట్టే మనిషినా నేను? దారానికి మైనం రాసి, జన్మలో ఎన్నడూ కుట్టనంత సమంగా కుట్టి ఇచ్చాను!