రెండు సీట్లు, ఒరిజినల్

సాయంత్రంలోగా వెనక గది ఖాళీ చెయ్యాలి. ఆ సోమవారం గుమాస్తాగారు పెట్టుకున్న పని అదొక్కటే. పెట్టుకున్నారనడం కూడా తప్పే, భార్య పెట్టింది.

రెండు నెలల క్రితం ఆయన ఒక కారు కొన్నారు. దాని పాత యజమాని, పాతికేళ్లవాడు, తిన్నది అరక్క దాన్ని రేసు కారులా మార్పించాడు. అది కదిలితే వీధంతా ఉలిక్కిపడేది. కొత్త సీట్లు ఎంత కిందికి ఉండేవంటే, గుమాస్తాగారి భార్య దిగాలంటే ఇద్దరు చెరో చెయ్యీ పట్టుకుని లాగాలి. యాభై రెండేళ్ల కాలేజీ అడ్మిషన్ల గుమాస్తాకి ఇలాంటి కారెందుకయ్యా అంటే, వచ్చే నెల సూపరింటెండెంటు కాబోతున్నానని చెప్పేవారు. ఆ రెంటికీ సంబంధమేమిటో ఆయనకే తెలియాలి.

కారుతో పాటు దాంట్లోంచి ఊడదీసిన అసలు సామానంతా ఇంటికొచ్చింది. సైలెన్సరు, నాలుగు చక్రాలు, బంపరు, రెండు ముందు సీట్లు. "ఉంచుకోండి అంకుల్, ఎప్పుడైనా పనికొస్తాయి," అన్నాడు పాత యజమాని. బట్టలు ఆరేసుకోవడానికి పనికొచ్చాయి.

"రేపటికి ఈ ఇనప కొట్టు ఇక్కడుంటే నేనుండను," అంది భార్య, కాఫీ చేతికిస్తూ.

"నిన్న కాలనీ గ్రూపులో పెడితే సైలెన్సరు అమ్ముడుపోయిందిగా. ఇవాళ సీట్లు పెడతాను."

"ఫోటో మాత్రం పెట్టకండి. వాటి మీద మీ బనియన్లున్నాయి."

బనియన్లు తీసి ఫోటో తియ్యొచ్చన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. గుమాస్తాగారు ఫోనులో కాలనీ గ్రూపు తెరిచి, సైలెన్సరు సంగతి అందరికీ గుర్తుండే ఉంటుందన్న ధీమాతో ఇలా రాశారు: "రెండు సీట్లు ఉన్నాయి. ఒరిజినల్. మంచి ధర. కావలసినవారు కాలేజీలో కలవగలరు." ఆ గ్రూపులో ఆయన పేరు పక్కన 'అడ్మిషన్స్' అని ఉంటుంది. దర్జాగా ఉంటుందని ఆయనే పెట్టుకున్నారు. ఆ కాలేజీలో సీట్లు అయిపోయి అప్పటికి వారం.

ఆయన ఆఫీసు చేరేసరికి కలప డిపో యజమాని ఫోను.

"సీట్లున్నాయన్నారు. నిజమేనా?" గొంతు తగ్గించి అడిగాడు.

"ఉన్నాయండీ. మా ఇంట్లోనే, వెనక గదిలో."

"ఇంట్లో పెట్టుకున్నారా?"

"మరి ఆఫీసులో పెడితే ప్రిన్సిపాల్ గారు ఊరుకుంటారా?"

డిపో యజమానికి ఈ జవాబు బాగా నచ్చింది. "మా అమ్మాయి కోసమండీ. కాస్త నెమ్మదస్తురాలు."

"అలాంటివాళ్లకే బాగుంటుంది. వెనక్కి వాలి హాయిగా నిద్రపోవచ్చు. ఇంతకుముందు ఆ సీట్లో ఉన్న కుర్రాడు నాలుగేళ్లూ అలాగే గడిపాడు."

ఇక ధర విన్నాక డిపో యజమాని దాన్ని రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఆ కాలేజీలో సీటు కోసం జనం ఇళ్లు తాకట్టు పెడుతున్నారు. ఈ మనిషి చెప్పింది తన డిపోలో ఒక తలుపుకి పలికే ధర. ఈ రహస్యాన్ని ఆయన తమ్ముడికి మాత్రమే చెప్పాడు. తమ్ముడూ ఒక్కరికే చెప్పాడు. ఆ లెక్కన పదకొండు గంటలకి అడ్మిషన్ల కిటికీ ముందు అరవై మంది తేలారు.

కారు సీట్లకి ఇంత గిరాకీ ఉందని తెలియక రెండు నెలలు బనియన్లు ఆరేశానే అని గుమాస్తాగారు నిజంగా బాధపడ్డారు. ధర కాస్త పెంచారు. తర్వాత తగువు రాకూడదని అందరి పేర్లూ వరసగా రాసుకున్నారు, కాలేజీ కాగితం మీద.

ఆ వరసలోంచి ఒకాయన నేరుగా ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లాడు. పోయిన వారమే కొడుక్కి సీటు కొన్న మనిషి. "మీకన్నా మీ గుమాస్తా నయం. నా డబ్బు నాకిచ్చెయ్యండి, అక్కడ కొనుక్కుంటాను," అన్నాడు.

రెండు నిమిషాల్లో గుమాస్తాగారు ప్రిన్సిపాల్ బల్ల ముందు నిలబడ్డారు.

"సీట్లు అమ్ముతున్నావా?"

"అవును సార్. ఊరికే పడున్నాయని."

"ఎప్పట్నుంచీ ఈ భాగోతం?"

"కారు కొన్నప్పట్నుంచీ."

"సీట్లమ్మి కారు కూడా కొన్నావన్నమాట."

"కాదు సార్. కారు కొన్నాకే సీట్లు మిగిలాయి."

ప్రిన్సిపాల్ కళ్లజోడు తీశాడు. "ఇంకా ఏమేం అమ్మావయ్యా?"

"నిన్న సైలెన్సరు వెళ్లిపోయింది సార్. చక్రాలకి బేరం కుదరలేదు. బంపరు మీకేమైనా పనికొస్తుందంటే..."

మొదట, తన బేరానికి పోటీ లేదని ప్రిన్సిపాల్‌కి ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఆయన గుమాస్తాగారిని, అడ్మిషన్లలో పన్నెండేళ్లు గడిపి తలుపు వెనక ఏం జరుగుతోందో గమనించని ఆ మనిషిని, కింద నుంచి పై దాకా చూశాడు. దాన్ని నిజాయితీ అని ఎవరైనా అనొచ్చు. పరధ్యానం అంటే సరిపోతుంది.

"సీటు అనగానే నీకు గుర్తొచ్చింది కారు సీటా?"

"అవును సార్. ఇంకే సీటు సార్?"

"పన్నెండేళ్లు," అన్నాడు ప్రిన్సిపాల్, తనలో తాను. "ఇలాంటివాడు ఆ సీట్లో ఉండకూడదు. కొంప ముంచుతాడు."

గంటలో ఆర్డరు వచ్చింది. గుమాస్తాగారికి స్టోరు గదికి బదిలీ. సూపరింటెండెంటు మాట ఇక ఎవరూ ఎత్తలేదు. అడ్మిషన్ల సీటు ప్రిన్సిపాల్ బావమరిదికి దక్కింది. అతనికి సీటంటే ఏ సీటో చిన్నప్పట్నుంచీ తెలుసు.

కిటికీ ముందున్న అరవై మందికీ సంగతి తెలిసింది. కారు సీటు ఒక్కడికీ అక్కర్లేకపోయింది. మోసం చేశాడని తిట్టుకుంటూ వెళ్లిపోయారు.

"గది ఎప్పుడు ఖాళీ చేస్తారు?" సాయంత్రం భార్య ఫోను.

స్టోరు గదిలో విరిగిన బెంచీలు తప్ప కూర్చోవడానికి ఏమీ లేదు. గుమాస్తాగారు కాసేపు గోడకి ఆనుకుని నిలబడి, "ఒక సీటు ఆటోలో ఇక్కడికి పంపు," అన్నారు.

అది వచ్చింది. ఇటుకల మీద నిలబెట్టుకుని, వెనక్కి వాలి కూర్చున్నారు. ఆ ఏడాది ఆ కాలేజీలో లంచం లేకుండా దొరికిన సీటు అదొక్కటే.