పూర్తిగా దించేయండి

ఆ ఆదివారం ఉదయం ప్రెసిడెంట్ వేసుకున్న ప్రణాళికలో తిరకాసేమీ లేదు. మధ్యాహ్నానికల్లా కారు దించాలి. సాయంత్రం అత్తగారిని రైల్వే స్టేషన్లో దించాలి. ఈ రెండింటికీ మధ్యలో, ఇంకో ఏడాదిపాటు తనని ఎవరూ దించకుండా చూసుకోవాలి.

అతను ప్రెసిడెంట్ అయింది జపాన్ స్పోర్ట్స్ కార్ల అభిమానుల క్లబ్బుకి. వారంలో మిగతా రోజులు ఇన్సూరెన్స్ ఆఫీసులో మూల సీట్లో కూర్చుని, విరిగిన బంపర్ల ఫోటోలు చూస్తుంటాడు. అక్కడ అతను టీ అడిగితే పక్కవాడికి ఇచ్చి వెళ్తారు. క్లబ్బులో మాత్రం అతను వస్తే అందరూ లేచి నిలబడతారు. నెలకోసారి జరిగే ఆ లేచి నిలబడడం కోసమే అతను మిగతా రోజులన్నీ కూర్చుంటాడు.

అతని కారు పెళ్లి కంటే పాతది, పెళ్లి కంటే శ్రద్ధగా చూసుకున్నది. ఎర్రరంగు, రెండు తలుపులు. మీట నొక్కితే బానెట్లోంచి కళ్లు తెరుచుకున్నట్టు హెడ్‌లైట్లు పైకి లేస్తాయి. ఎడమది సగంలో ఆగిపోతుంది కాబట్టి ఎదురొచ్చేవాళ్లకి కన్ను కొట్టినట్టుంటుంది. బరువు తగ్గించాలని వెనక సీటు పీకేశాడు. తగ్గిన బరువు బాధపడకుండా డిక్కీ నిండా స్పీకర్ల పెట్టె బిగించాడు. వెనక విమానానికి సరిపడే రెక్క పెట్టించాడు. దాని మీద పక్కింటావిడ తువ్వాళ్లు ఆరేస్తుంది. ఇన్ని మార్పుల తర్వాత వేగం ఎంత పెరిగిందో ఎవరికీ తెలియదు, ఆ ఊరి ట్రాఫిక్‌లో నలభై దాటే అవకాశం ఇంతవరకు రాలేదు. తన పొట్టని మాత్రం ఒరిజినల్‌గానే ఉంచుకున్నాడు.

ఈసారి ప్రెసిడెంట్ పదవికి పళ్ల డాక్టరు పోటీకి దిగాడు. డాక్టరుది కొత్త జపాన్ కారు. సైలెన్సర్ ఎలా మార్పించాడంటే, అది క్లినిక్ ముందు ఆగిందంటే సగం పళ్లు వాటంతటవే ఊడతాయని సభ్యులు చెప్పుకుంటారు. పైగా దాన్ని నేలకి ఎంత దగ్గరగా దించాడంటే కింద అరచెయ్యి దూరదు. ఆ క్లబ్బులో ఎవరి కారు ఎంత కిందకుంటే వాళ్ల పరువు అంత పైకుంటుంది. అందుకే ఎన్నిక జరిగే సాయంత్రంలోపు తన కారు కూడా దిగాల్సిందేనని ప్రెసిడెంట్ నిశ్చయించుకున్నాడు. ఎప్పుడూ వెళ్లే వర్క్‌షాపు మూసి ఉండడంతో, ముందురోజే కారుని వెనక సందులో లారీలు బాగుచేసే మెకానిక్ దగ్గర వదిలి, "ఏం చెయ్యాలో పొద్దున ఫోన్లో చెప్తా" అని వచ్చాడు.

గడ్డం గీసుకుంటూ ఫోన్ చేశాడు.

"ఏమయ్యా, బండి దించాలి."

"ఎందుకు సార్? బ్రహ్మాండంగా ఉంది కదా. శబ్దం కూడా వీణలా ఉంది."

"నువ్వు కూడా మా ఆవిడలాగే మాట్లాడకు. జపాన్లో అయితే కొన్నరోజే దించేస్తారు."

"కొత్తదాన్ని కూడానా సార్?"

"కొత్తదాన్నే! దించితేనే అందం."

"ఎంతవరకు దించమంటారు?"

"పూర్తిగా దించెయ్. నేలకి ఆనాలి."

"నేలమీదే పెడతాలెండి. మరి మళ్లీ ఎక్కించేదెప్పుడు సార్?"

"ఎక్కించడమేంటయ్యా? ఒకసారి దించాక మళ్లీ ఎక్కించేవాడు నలుగురిలో మొహం ఎలా చూపిస్తాడు?"

"సరే సార్. బండి మీది, ఇష్టం మీది" అని మెకానిక్ పెట్టేశాడు.

భార్య హ్యాండ్‌బ్యాగ్ సర్దుకుంటూ వచ్చింది. ఆవిడ స్కూలు టీచరు. "ఏవండీ, నాకు పరీక్ష డ్యూటీ ఉంది. ఇంటి కారు నేను తీసుకెళ్తున్నా. మా అమ్మని సాయంత్రం రైలుకి మీరే దించాలి. ఆ క్లబ్బు గోలలో పడి మర్చిపోయారో..."

"దించుతానన్నాగా!" అన్నాడు, సగం గీసిన గడ్డంతో.

మధ్యాహ్నం టాక్సీలో అత్తగారితో పాటు సందులోకి చేరాడు. ఆవిడ చేతిలో ఒక సంచి, ఒళ్లో ఒక కుట్టుమిషన్. చిన్నకూతురి ఇంటికి పట్టుకెళ్తోంది. ఆకుపచ్చ రంగు, చేత్తో తిప్పే చక్రం, బండరాయంత బరువు. దాన్ని మోయడానికి అల్లుడు చెయ్యి చాపితే ఆవిడ ఇవ్వలేదు.

షెడ్డులో అతని కారు నిలబడి ఉంది. దాని పక్కన నేలమీద, రెండు పాత టైర్ల మీద, దాని ఇంజన్ ఉంది.

మెకానిక్ చెయ్యి తుడుచుకుంటూ సంతోషంగా ఎదురొచ్చాడు. "దించేశా సార్. చెప్పినట్టే పూర్తిగా. గేరుబాక్సుతో సహా."

"ఇంజన్ దించావేంటయ్యా! కారు దించమన్నా! కారు!"

"కారు కిందే ఉంది కద సార్? దాన్ని ఎక్కడినుంచి దించుతాం?"

"స్ప్రింగులు మార్చి, కిందకి! నేలకి దగ్గరగా!"

"దాన్ని దించడం అంటారా?" మెకానిక్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఈ సందులో దించడమంటే ఇంజనే సార్. ఎవర్నైనా అడగండి."

అసలు అవమానం అది కూడా కాదు. ఇంజన్ బరువు పోయేసరికి ముందు స్ప్రింగులు ఊపిరి పీల్చుకుని, కారు ముందుభాగం ఎన్నడూ లేనంత ఎత్తుకు లేచింది. చక్రాల పైన ఇప్పుడు అరచెయ్యి కాదు, బుట్ట దూరుతుంది.

"ఇది మీ కారేనా అల్లుడుగారూ?" అంది అత్తగారు, కళ్లజోడు సవరించుకుని. "మూతి పైకెత్తి ఎవరిమీదో అలిగినట్టుందే."

"ఎక్కించు! ఇప్పుడే ఎక్కించు!" అని ప్రెసిడెంట్ అరిచాడు.

"రెండ్రోజులు పడుతుంది సార్. అయినా ఎక్కించేవాడు మొహం ఎలా చూపిస్తాడని మీరేగా..."

ప్రెసిడెంట్ ఒక టైరు మీద కూలబడ్డాడు. కారు లేకుండా ఎన్నికకి వెళ్లే వీల్లేదు. సొంత బండిలో మైదానంలోకి రానివాడికి ఓటూ లేదు, పోటీ చేసే హక్కూ లేదు అని నిబంధన పెట్టింది అతనే. కిందటేడు ఒక ఆర్కిటెక్టు తనకి పోటీగా నిలబడబోయాడు. అతని కారు రిపేర్లో ఉందని తెలిసిన పూట, నియమం అంటే నియమమే అని బల్లగుద్ది మరీ ఆమోదింపజేశాడు.

హఠాత్తుగా అతను లేచి నిలబడ్డాడు. మూతపడిన ఫ్యాక్టరీ మైదానంలో సమావేశం. అక్కడికి వెళ్లే రోడ్డు చివర్లో మంచి వాలు. కారుని వాలు పైదాకా లాక్కెళ్లి వదిలేస్తే, అదే జారుకుంటూ లోపలికి పోతుంది. ఓట్లు అయ్యేదాకా బానెట్ ఎత్తకపోతే చాలు. అత్తగారిని ఆ తర్వాత ఎవరో ఒకరి కారులో స్టేషన్‌కి తీసుకెళ్లొచ్చు.

"మూతి దించాలంటే ఏదో ఒక బరువు పెట్టాలి సార్" అని మెకానిక్ రెండు ఇసుక బస్తాలు తెచ్చి ఇంజన్ ఉండాల్సిన చోట పడేశాడు. కారు కొంచెం సిగ్గుపడినట్టు వంగింది.

"మరి నా మిషనో?" అంది అత్తగారు.

వెనక సీటు లేదు. డిక్కీలో స్పీకర్లు. ముందు సీట్లో ఆవిడ, ఆవిడ సంచి. ఆ కారు మొత్తంలో ఖాళీ ఉన్నది ఒక్కచోటే. మెకానిక్ ఇసుక బస్తాల మీద చెక్క పరిచి, దానిమీద కుట్టుమిషన్ పెట్టి, తాడుతో బిగించి కట్టాడు. కొంచెం దూరం నుంచి చూసి, "ఖాళీ కనపడట్లేదు సార్" అని తృప్తిపడ్డాడు.

పాత జీపుతో వాలు పైదాకా లాక్కెళ్లి, తాడు విప్పి, కిటికీలోకి వంగి చెప్పాడు. "బ్రేకు బాగా గట్టిగా తొక్కాలి సార్. ఇంజన్ లేకపోతే దానికి సాయం ఉండదు. స్టీరింగూ అంతే."

"ఆ సంగతి ముందు చెప్పొద్దూ?" అనే మాట ప్రెసిడెంట్ నోట్లో ఉండగానే కారు కదిలింది.

కింద మైదానంలో రకరకాల రంగుల కార్లు వరసగా నిలబడి ఉన్నాయి. ప్రతి బానెటూ తెరిచి ఉంది. ప్రతి బానెట్ ముందూ ఒక మగవాడు చేతులు కట్టుకుని, మొదటిసారి తండ్రయినవాడిలా నిలబడి ఉన్నాడు. సరిగ్గా అప్పుడు గేటులోంచి ఎర్ర కారు, గాలి కంటే నెమ్మదైన శబ్దంతో, అంటే అసలు శబ్దమే లేకుండా, దూసుకొచ్చింది.

"అల్లుడుగారూ, ఆపరేంటి?" అంది అత్తగారు.

"ఆపుతున్నా అత్తయ్యా!" అంటూ అతను రెండు కాళ్లతోనూ బ్రేకు తొక్కాడు. కంగారులో ఏదో మీట తగిలింది. హెడ్‌లైట్లు లేచాయి. కారు పళ్ల డాక్టరుకి కన్ను కొట్టి, 'మన ప్రెసిడెంటే మళ్లీ ప్రెసిడెంట్' అన్న బ్యానర్ చింపుకుని, వేదిక మెట్లకి మూతి ఆనించి ఆగింది.

మైదానమంతా నిశ్శబ్దం. ఆ క్లబ్బు చరిత్రలో అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు.

"శబ్దం లేదు" అన్నారు ఎవరో.

"పొగ కూడా లేదు."

"అమ్మో... ఎలక్ట్రిక్ చేశాడ్రోయ్!"

ప్రెసిడెంట్‌కి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. కాదంటే బానెట్ తెరవాలి. తల ఊపాడు. ఆ ఒక్క ఊపుతో అతని సగం ఓట్లు పోయాయి. పోయినేడు ఇదే వేదిక మీద, ఈ కార్లలో బ్యాటరీ మోటారు పెట్టేవాణ్ణి క్లబ్బులోంచి గెంటెయ్యాలని గుండె బాదుకుని చెప్పింది అతనే. ఆ మాటకే పాతకార్ల వాళ్లంతా అతని పక్షాన నిలిచారు.

"ఎంత మాటన్నావు, ఎంత పని చేశావు!" అని ఒక పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. "ఆ ఇంజన్ని చంపడానికి చేతులెలా వచ్చాయయ్యా?"

"చంపలేదండీ, బతికే ఉంది! టైర్ల మీద ఉంది!"

"టైర్ల మీద అన్ని కార్లూ ఉంటాయి" అన్నాడు పళ్ల డాక్టరు. నోరు తెరిపించడం అతని వృత్తి. "బానెట్ ఒక్కసారి తెరవండి ప్రెసిడెంట్ గారూ. ఏం మోటారు పెట్టారో మేమూ చూసి నేర్చుకుంటాం."

"ఇప్పుడు కాదు. వేడిగా ఉంది."

"బాగా తెరవండి... ఇంకొంచెం... అంతే, నొప్పుండదు" అంటూ డాక్టరే బానెట్ ఎత్తేశాడు.

అందరూ ముందుకు వంగారు. ఆకుపచ్చటి కుట్టుమిషన్ ఎండలో తళతళలాడింది.

"అది నాదండీ" అంది అత్తగారు, కారు దిగుతూ. "జాగ్రత్త, చక్రం పట్టుకుని లాగొద్దు. రైలుకి టైమైపోతోంది, ఎవరైనా ఆ తాడు విప్పుతారా?"

"ఇది..." పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని మిషన్ కింద ఉన్న రేకు చదివాడు. "ఇది జపాన్ సరుకు!"

"మరి? మా అత్తగారు కొన్నది."

"ఏమైనా మార్పులు చేశారా అమ్మా?"

"ఎందుకు మార్చడం? బాగానే ఉందిగా" అంది ఆవిడ.

ఆ మాట ఆ మైదానంలో అంతకుముందు ఎవరూ అనలేదు. మగవాళ్లంతా ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ఆవిడ చక్రం తిప్పింది. సూది టకటకమని ఆడింది. ఆ సాయంత్రం అక్కడ బానెట్ కింద సక్రమంగా పనిచేసిన యంత్రం అదొక్కటే అని చాలామందికి అనిపించింది, కానీ ఎవరూ పైకి అనలేదు.

ఎన్నిక చప్పున అయిపోయింది. సొంత ఇంజన్‌తో రానిది సొంత బండి ఎలా అవుతుందని ఆర్కిటెక్టు అడిగాడు, ఏడాదిగా దాచుకున్న నవ్వుతో. నియమం అంటే నియమమే అన్నారు అందరూ. ప్రెసిడెంట్ పోటీ చేసే హక్కు పోగొట్టుకున్నాడు. పళ్ల డాక్టరు పోటీ లేకుండా గెలిచాడు.

కొత్త ప్రెసిడెంట్ మొదటి పని కప్పు ఇవ్వడం. ఏ మార్పూ చేయని జపాన్ యంత్రానికని క్లబ్బు ఎప్పుడో ఒక వెండికప్పు చేయించింది. అలాంటి కారు అక్కడ ఒక్కటీ లేదు కాబట్టి అది ఏటా వేదికెక్కి, మళ్లీ బీరువాలోకే వెళ్లేది. డాక్టరు దాన్ని రెండు చేతులా పట్టుకుని అత్తగారికి అందించాడు. చప్పట్లు మోగాయి. ఆవిడ మెట్లెక్కుతుంటే అందరూ లేచి నిలబడ్డారు.

"చిన్నల్లుడికి చూపిస్తా" అంది ఆవిడ, కప్పులో దారపు ఉండలు వేసుకుంటూ.

"రండమ్మా, స్టేషన్లో నేను దించుతాను" అన్నాడు డాక్టరు. కుట్టుమిషన్‌ని తనే డిక్కీలో పెట్టాడు. ఆయన కారు డిక్కీలో స్పీకర్లు లేవు. భళ్లున మోగుతూ, నేలని రాసుకుంటూ ఆ కారు గేటు దాటింది.

మైదానం ఖాళీ అయ్యాక ఎర్ర కారు ఒక్కటే మిగిలింది. మిషన్ బరువు పోవడంతో దాని మూతి ఇంకాస్త పైకి లేచింది. ఎడమ లైటు ఇంకా కన్ను కొడుతూనే ఉంది. వాలు పైనుంచి మెకానిక్ జీపు దిగి వచ్చింది.

"సార్, ఇప్పుడైనా ఎక్కించమంటారా?"

అతను జవాబు చెప్పేలోపు ఫోన్ మోగింది. భార్య.

"ఏవండీ, దించారా?"

అతను చిరిగిన బ్యానర్ వైపు చూశాడు.

"దించారు" అన్నాడు.

"హమ్మయ్య" అని ఆవిడ పెట్టేసింది.

పొద్దున కారు దిగాలనుకున్నంత కిందకి ఆఖరికి దిగింది అతని తల ఒక్కటే.